సద్దు లేని కెమెరా

ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి 3.

నంద్యాలలో ఉన్న ప్రసన్నకుమారి వదిన గారికి, ఆళ్లగడ్డ నుంచి మీ తమ్ముడి భార్య అహల్య నమస్కారం పెట్టి రాస్తున్నది.

ముందుగా నా రాతను క్షమించాలి. ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. వత్తులు, దీర్ఘాలు పడాల్సిన చోట పడవు. నా అక్షరాలు బియ్యంలో చీమల్లా ఉంటాయని మా పంతులమ్మ అనేది. ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఫోన్‌లో మీరు ప్రతిసారీ "గట్టిగా మాట్లాడు మే, ఏం వినబడట్లే" అంటారు. గట్టిగా మాట్లాడితే ముందు గదిలో స్టూడియోలో ఉన్న మీ తమ్ముడికి వినబడుతుంది. అందుకని మీ ఫోటో ల్యాబుకు వచ్చే ఆల్బంల సంచిలో, కెమెరా మెమరీ కార్డుల డబ్బా అడుగున ఈ కాగితం పెడుతున్నాను. సంచి విప్పేది మీరే కదా.

విషయం ఏమిటంటే, మీ తమ్ముడు కెమెరా మార్చారు. పాతది మీకు తెలుసు, రోలు పొత్రమంత బరువు. దాని లోపల చిన్న అద్దం ఉంటుంది. నొక్కినప్పుడల్లా అది పైకి లేచి మళ్లీ కిందికి పడుతుంది. టక్ అనే సద్దు దానిదేనని మీ తమ్ముడు ఒకసారి నాకు చూపించారు. కొత్త కెమెరాలో ఆ అద్దం లేదు. చేతికి తేలిక, చీకట్లో కూడా బాగా పడుతుందట. కానీ సద్దు రాదు. గోడ మీద బల్లి పాకినంత సద్దు కూడా రాదు.

ఇంట్లో నాకు దీనితో ఇబ్బందిగానే ఉంది. ముందైతే టక్ అనగానే ఆయన ఎక్కడున్నారో తెలిసేది, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూస్తే గడపలో కెమెరా పట్టుకుని నిలబడి ఉంటారు. "కొత్తది గదా, పరీక్ష చేస్తాండా" అంటారు.

నా ఇబ్బందిని పక్కన పెట్టండి. ఆదివారం శిరివెళ్లలో మాధవయ్య గారి పెద్దమ్మాయి భార్గవి నిశ్చితార్థం జరిగింది. అత్తమ్మ కూడా వెళ్లి వచ్చి చెప్పారు. స్టేజి మీద పద్నాలుగు మంది వరసగా నిలబడ్డారు. మన వైపు జనం ఫోటోకు నిలబడితే ఊపిరి బిగబట్టుకుంటారు కదా, టక్ అన్నాక వదులుతారు. ఈసారి టక్ అనలేదు. ఎవరూ ఊపిరి వదల్లేదు. మీ తమ్ముడు తీస్తూనే ఉన్నారు, వాళ్లు బిగబట్టుకునే ఉన్నారు. ఆఖరికి మాధవయ్య గారు అడిగారట.

"ఏమప్పా రాజశేఖరూ, తీస్తాండావా, ఊరికే చూస్తాండావా?"

"తీసినా మామా. ముప్పై తీసినా."

"యాడ తీసినావు? సద్దే రాలే. మా యమ్మ చూడు, ఎట్లా ఎర్రగైపోయిందో."

పద్నాలుగో తేదీ పెళ్ళికి కూడా ఇదే మూగ కెమెరా తెస్తే వేరే వాళ్లను పిలిపించుకుంటానని ఆయన గట్టిగా చెప్పారట. శిరివెళ్లలో ఏ ఇంట్లో పెళ్ళయినా ఆయన్ని అడగకుండా ఫోటోల మనిషిని మాట్లాడుకోరు. ఆ ఇల్లు పోతే చుట్టుపక్కల ఊళ్లన్నీ పోయినట్టే.

ఇంకో మాట. నెలాఖరులోగా పాత కెమెరాను నంద్యాలలో ఒక షాపుకు ఇచ్చేసి, దాని బదులు కొత్తదానికి లెన్సు తెచ్చుకుంటానని మీ తమ్ముడు అంటున్నారు. ఇవ్వొద్దని మీరు ఒక్క మాట చెప్పండి. నేను చెప్పమన్నానని మాత్రం చెప్పకండి.

ఇట్లు,
మీ మరదలు అహల్య.

తా.క. చదివిన వెంటనే ఈ ఉత్తరం కాల్చేయండి.


నంద్యాల,
ఫిబ్రవరి 5.

అహల్యకు వదిన ఆశీస్సులు.

నీ రాతకేం, బ్రహ్మాండంగా ఉంది. మా ల్యాబులో డిగ్రీ చదివిన పిల్లలు పెళ్ళికూతురి పేరు పెళ్ళికొడుకు ఫోటో కింద రాస్తారు. నీకు ఆ జబ్బు లేదు.

నిశ్చితార్థం ఫోటోలు చూశాను. చీర జరీలో పోగులు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉన్నాయి. మనుషులు మాత్రం సూదిమందు కోసం వరసలో నిలబడ్డట్టున్నారు. మాధవయ్య గారి తల్లి ఒక్కో ఫోటోకూ కొంచెం కొంచెంగా ఎర్రబడుతూ పోయింది. అది రంగుల్లో తేడా అనుకుని గంటసేపు కూర్చుని ఆమెను కంప్యూటర్‌లో తెల్లగా చేశాను. ఊపిరి బిగబట్టుకున్న ఎరుపని నీ ఉత్తరం చూశాక తెలిసింది.

ఆ కెమెరాకు సద్దు లేకపోవడం ఏమీ లేదు. లోపల మెనూలో ఉంటుంది, కావాలంటే పెట్టుకోవచ్చు. మా దగ్గరికి వచ్చే వాళ్లందరూ పెట్టుకుంటున్నారు. ఆ మాట చెబుదామని నిన్న వాడికి ఫోన్ చేశాను.

"ఒరే, ఆ కెమెరాకు సద్దు పెట్టుకోరా."

"ఏందక్కా?"

"సద్దురా, సద్దు."

"ఏం సద్దు? నాకేం వినబడట్లేదే" అని పెట్టేశాడు.

అప్పటినుంచి నాకు ఒకటే దిగులు. పన్నెండేళ్లుగా పెళ్ళిళ్లలో డీజే డబ్బాల పక్కన నిలబడుతున్నాడు. వాడి చెవులు పోతున్నాయేమో! కెమెరాకు సద్దు లేదన్న సంగతి వాడికి తెలియదేమో అహల్యా. పాతదానికి ఉన్న సద్దు కూడా వాడికి ఎన్నాళ్ల నుంచి వినబడలేదో. నువ్వొక పని చెయ్యి. వాడి వెనక నిలబడి, నీ మామూలు గొంతుతో ఏదో ఒకటి చెప్పి చూడు. తిరుగుతాడో లేదో నాకు రాయి.

పాత కెమెరా మీద నీకెందుకంత ప్రేమ? నీ పెళ్ళి ఆల్బం చేసింది నేనే. ముప్పై ఆరు పేజీలు, అన్నింట్లోనూ నీ పాపిటే ఉంది. ముఖం ఒక్కదాంట్లోనూ లేదు.

ఇట్లు,
ప్రసన్నకుమారి.

తా.క. కాల్చమన్నావు. మా ఇంట్లో కరెంటు పొయ్యి వచ్చి మూడేళ్లయింది, అగ్గిపెట్టె కొనడం మానేశాం. నీ ఉత్తరం బీరువాలో చీరల కింద పెట్టాను.


ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి 9.

వదిన గారికి అహల్య నమస్కారాలు. కళ్లనీళ్లు పడి రెండు చోట్ల సిరా చెదిరింది. నా రాతకు ఇది కూడా తోడయింది, ఏమీ అనుకోవద్దు.

మీరు చెప్పినట్టే మూడు రోజులు పరీక్షించాను. మొదటి రోజు ఆయన వెనక నిలబడి "ఉప్పు అయిపోయింది" అన్నాను. తిరగలేదు. సాయంత్రం ఉప్పు ప్యాకెట్ మాత్రం తెచ్చారు, అత్తమ్మ చెప్పి ఉంటారు. రెండో రోజు "ఈ రోజు నా పుట్టినరోజు" అన్నాను. తిరగలేదు. మూడో రోజు కాస్త ధైర్యం చేసి "ఆరేసిన చీర మీద తేలు ఉంది" అన్నాను. అబద్ధమే, పరీక్ష కోసం. కెమెరా వెనక ఉన్న చిన్న తెరను చూసుకుంటూ కూర్చున్నారు తప్ప తల తిప్పలేదు. ఆ తరవాత తీగ మీద బట్టలన్నీ ఒక్కొక్కటే ఎందుకు దులిపి పెట్టారో నాకు అర్థం కాలేదు.

మీరన్నది నిజమే వదినా. ఆయనకు వినబడటం లేదు.

అత్తమ్మకు చెప్పాను. ఆమె అప్పటినుంచి కొడుకుతో అరిచి మాట్లాడుతున్నారు. నిన్న మధ్యాహ్నం "నాయనా! అన్నం తింటావా!" అని అరిస్తే ఎదురుగా బట్టల షాపులోంచి "తిన్నామమ్మా" అని జవాబు వచ్చింది. తల్లి అంత గట్టిగా అరుస్తుంటే మీ తమ్ముడు ఆమెకే చెవులు పోయాయనుకుని, ఆయన కూడా అరవడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని బస్టాండులో మాట్లాడినట్టు మాట్లాడుకుంటున్నారు. పొద్దున నా దగ్గరికి వచ్చి "అమ్మకు చెవులు పోతాండాయి, నువ్వు భయపడద్దు, నేను చూసుకుంటా" అని మెల్లగా చెప్పారు.

మెనూ సంగతి కూడా అత్తమ్మ అరిచి అడిగారు.

"సద్దు పెట్టుకో నాయనా! మాధవయ్య వేరేవాళ్లను పిలుస్తాడంట!"

"సద్దు ఉండకూడదు మా! దానికోసమే గదా కొనింది!"

వినబడని మనిషికి సద్దు ఉన్నా లేకపోయినా ఒకటే కాబట్టి అలా అంటున్నారని అత్తమ్మ ఏడ్చారు. పెళ్ళి ఇంకా అయిదు రోజులే ఉంది. ఏం చేయాలో చెప్పండి.

ఇట్లు,
అహల్య.

తా.క. దీన్నయినా కాల్చండి. పక్కింట్లో అగ్గిపెట్టె అడిగి తెచ్చుకోండి.


నంద్యాల,
ఫిబ్రవరి 11.

అహల్యకు వదిన రాయడం.

ధైర్యంగా ఉండు. ఇక్కడ చెవుల డాక్టరు దగ్గర ఇరవై ఒకటో తేదీకి టోకెన్ తీసుకున్నాను. చెవులకంటే వాడు రాడు. ల్యాబులో పని ఉంది రమ్మని పిలిచి, వచ్చాక డాక్టరు దగ్గర కూర్చోబెడతాను.

పెళ్ళి సంగతికి వస్తే, వాళ్లకు కావాల్సింది సద్దే కదా? పాత కెమెరా ఇంకా ఇంట్లోనే ఉంది. రాజశేఖర్ కొత్తదానితో తీస్తాడు. పక్కన ఒక మనిషి నిలబడి, వాడు తల ఊపినప్పుడల్లా పాతదాన్ని టక్ మనిపిస్తే చాలు. జనం ఊపిరి వదిలేస్తారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నిలబడలేదు. కాబట్టి ఆ మనిషివి నువ్వే.

నీకు సిగ్గని నాకు తెలుసు. ముఖానికి కొంగు అడ్డం ఉండాలంటావు. కెమెరానే అడ్డం పెట్టుకో. కొంగు కంటే దళసరి.

ఇట్లు,
ప్రసన్నకుమారి.

తా.క. నీ ఉత్తరం చీరల కింద ముందుదాని పక్కనే భద్రంగా ఉంది. పక్కింటామె దగ్గర అగ్గిపెట్టె అడిగితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాక ఉత్తరం చదివి గానీ అగ్గిపెట్టె ఇవ్వదు.


ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి 16.

వదిన గారికి అహల్య నమస్కారాలు. చూపుడు వేలు వాచింది, ఈసారి అక్షరాలు ఇంకా వంకరగా ఉంటాయి.

పెళ్ళికి వెళ్లాను. నేను కూడా వస్తానని అత్తమ్మ చేత చెప్పిస్తే మీ తమ్ముడు వెంటనే ఒప్పుకున్నారు. నవ్వారు కూడా. పాత కెమెరాకు ఫ్లాష్ ఆపేసి, ముందు మూత పెట్టి, "ఊరికే సద్దుకే గదా, మూత తియ్యొద్దు" అని నా మెడలో వేశారు. పొడుగాటి పట్టీ, కెమెరా నా మోకాళ్ల దాకా వేలాడింది.

స్టేజి ఎక్కేటప్పుడు నేల తప్ప ఏమీ చూడలేదు. భార్గవి పక్కన వాళ్ల వాళ్లందరూ వరసగా నిలబడి ఊపిరి బిగబట్టారు. మీ తమ్ముడు తల ఊపారు. నేను నొక్కాను. టక్ అనలేదు. లోపల గీ గీ మని ముందుకీ వెనక్కీ తిరిగింది. ఇంకోసారి తల ఊపారు, ఇంకోసారి గీ గీ.

"ఇదేందప్పా, ఇప్పుడు ఇద్దరూ మూగోళ్లేనా?" అన్నారు మాధవయ్య గారు.

మూత ఉంటే దానికి ఎదురుగా ఏమీ కనబడదు. కనబడకపోతే వెతుక్కుంటూ ఉంటుందే గానీ టక్ అనదట. అది నాకు అప్పుడెలా తెలిసిందో కూడా తెలియదు. మూత తీసేశాను. ఆ తర్వాత ఇంకేదో అడిగింది, అదీ సర్దిపెట్టాను. కంటికి ఆనించి నొక్కితే టక్ అంది.

స్టేజి మీద వాళ్లందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు వదినా. ఆ సద్దు కెమెరా సద్దు కంటే పెద్దది. మాధవయ్య గారి తల్లి "ఓయమ్మా, బతికితిమి" అని బోసినోటితో నవ్వింది. ఒక్కసారికే అందరికీ వినబడిందో లేదోనని ఇంకోసారి నొక్కాను. ఆ తర్వాత ప్రతిసారీ అంతే, తల ఊపగానే ఒకటి, జాగ్రత్త కోసం మరొకటి. భోజనాల దాకా అదే పని. పిల్లలు నాకు "టక్కక్క" అని పేరు పెట్టారు.

ఒక సంగతి మీకు మాత్రమే చెబుతున్నాను. కెమెరా కంటికి పెట్టుకుంటే నన్నెవరూ చూడటం లేదనిపించింది. నేను మాత్రం అందరినీ చూడొచ్చు. పెళ్ళయిన ఈ రెండేళ్లలో నలుగురి మధ్య తల ఎత్తడం అదే మొదటిసారి.

మాధవయ్య గారు పోయేటప్పుడు "సద్దు బాగానే చేసినారు, ఫోటోలు చూసినంక మాట్లాడదాం. మా చిన్నది భావన పెండ్లి మే నెలలో ఉండాది" అన్నారు.

ఇట్లు,
అహల్య.

తా.క. కాల్చే విషయం మరిచిపోవద్దు. ముఖ్యంగా తల ఎత్తిన సంగతి ఉన్న కాగితం.


నంద్యాల,
ఫిబ్రవరి 19.

అహల్యకు వదిన ఆశీస్సులు, నీ వేలికి కూడా.

శుభవార్త. పెళ్ళి ఫోటోల మెమరీ కార్డులు నాలుగు వచ్చాయి. మూడింట్లో పైపైన చూసినంత వరకు ఫోటోలు మామూలుగానే ఉన్నాయి, అదే సూదిమందు వరస. నాలుగో కార్డు తెరవగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పెళ్ళికూతురు చెల్లెల్ని మోచేత్తో పొడుస్తూ పకపకా నవ్వుతోంది. పెళ్ళికొడుకు తండ్రి చొక్కా కింద నుంచి పొట్ట వదులుతున్నాడు. నిశ్చితార్థంలో ఎర్రబడిన ముసలామె నోరంతా తెరిచి నవ్వుతోంది. ఇంత జీవం ఉన్న పెళ్ళి ఫోటోలు మన ల్యాబుకు ఎప్పుడూ రాలేదు.

మాధవయ్య గారు నిన్న స్వయంగా వచ్చి ఆల్బంకు ఫోటోలు ఏరుకున్నారు. ఏరినవి దాదాపు అన్నీ ఆ నాలుగో కార్డులోవే. తల్లి ఫోటో దగ్గర ఆగిపోయారు.

"మా యమ్మ ఇట్లా నవ్వి ఎన్నేండ్లాయనో. నోట్లో పండ్లు లేవని పెదవి విప్పదు. దీన్ని పెద్దది చేసి ఇయ్యమ్మా, గోడకు పెట్టుకుంటా. చిన్నదాని పెండ్లి ఫోటోలు కూడా మీవానికే."

చూశావా? కొత్త కెమెరాను మనం అనవసరంగా తిట్టుకున్నాం. అంత మంచి ఫోటోలు ఆ పాత బండరాయితో వచ్చేవా? ఎల్లుండి వచ్చేటప్పుడు పాతది పట్టుకురమ్మని రాజశేఖర్‌కు చెప్పాను. చెవుల డాక్టరు పని అయ్యాక నేనే దగ్గరుండి షాపుకు పంపించేస్తాను. నీకూ మోసే బాధ తప్పుతుంది.

ఇట్లు,
ప్రసన్నకుమారి.

తా.క. నీ మొగుడికి ఒక మాట చెప్పు. ఆ నాలుగో కార్డులో నలభై మూడు ఫోటోల్లో వాడే ఉన్నాడు. ఒక మూలన నిలబడి, కెమెరా కంటికి పెట్టుకుని, సరిగ్గా ఇటువైపే తిప్పి. తన ఫోటోల్లో తానే అడ్డం పడే మనిషిని నేనింతవరకూ చూడలేదు. చెరిపి చెరిపి చేతులు పడిపోయాయి. ఒకదాంట్లో విసుగొచ్చి వాడి తల మీద బంతిపూల కుండీ పెట్టేశాను.


ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి 20.

వదిన గారికి,

నమస్కారం తర్వాత పెడతాను, సంచి వెళ్లిపోతోంది. రాత ఎలా ఉన్నా కూడబలుక్కుని చదవండి.

పాత కెమెరా ఇచ్చేయకండి. ఆ నాలుగో కార్డు దానిదే. మూత తీశాక అది ఇంకేదో అడిగిందని రాశాను కదా, కార్డు అడిగింది. అది లేకపోతే టక్ అననంది. సద్దు రావడానికి బ్యాటరీలాగే అది కూడా కావాలేమోనని డబ్బాలోంచి ఒకటి తీసి పెట్టాను. పని అయ్యాక మళ్లీ డబ్బాలో పడేశాను. అందులో ఫోటోలు పడతాయని నిజంగా అనుకోలేదు. నేను సద్దు చేశానంతే. ఇది తప్పయితే క్షమించండి.

మీ తమ్ముడు ఇటువైపు తిరిగి ఉన్నారన్నారు. నేను సరిగా నొక్కుతున్నానో లేదో చూసుకుంటూ ఉన్నారేమో. పాపం, ఆయన తల మీది బంతిపూల కుండీ తీసేయండి.

ఆ కెమెరా పోతే నేను మళ్లీ నేలనే చూసుకుంటూ ఉండాలి వదినా. ఎలాగైనా ఆపండి.

అహల్య.

తా.క. కాల్చడానికి ఇబ్బంది లేకుండా ఈ సంచిలోనే అగ్గిపెట్టె కూడా పెడుతున్నాను.


నంద్యాల,
ఫిబ్రవరి 22.

అహల్యకు వదిన రాయడం, తల వంచుకుని.

సంచి నా చేతికి వచ్చేసరికి నిన్న సాయంత్రం అయిదయింది. రాజశేఖర్ నాలుగింటికే పాత కెమెరా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేనే ఆటో ఎక్కించాను. వెంటనే ఫోన్ చేస్తే ఎత్తలేదు. షాపుకు చేస్తే అక్కడా ఎవరూ ఎత్తలేదు. నా తొందరే ఇంత పని చేసింది.

చెవుల సంగతి చెబుతాను. డాక్టరు అరగంట చూసి, "ఈయనకు పక్క గదిలో ఇద్దరు గుసగుసలాడుకున్నా వినబడుతుందమ్మా, చెవులు పోయాయని చెప్పింది ఎవరు?" అని నన్నే అడిగాడు. రాజశేఖర్ నవ్వుతూ కూర్చున్నాడు. సద్దు ఎందుకు వద్దంటున్నావురా అని ఆటో ఎక్కుతుంటే నిలదీశాను. "అది నీకు చెప్పేది కాదులేక్కా" అన్నాడు.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. నువ్వు తీసిన ఫోటోల్లో వాడు నలభై మూడుసార్లు ఇటు తిరిగి నిలబడ్డాడు. ఫోటో ఏ నిమిషంలో పడిందో కార్డులో ఉంటుంది. అవే నిమిషాల్లో వాడు ఏం తీస్తున్నాడో చూద్దామని వాడి మూడు కార్డులూ మొదటినుంచి వెతికాను. పెళ్ళికి సంబంధం లేని ఫోటోలు నూట పన్నెండు దొరికాయి. పనివాళ్లెవరికీ చూపించకుండా నేనే ప్రింటు వేసి, ఈ కవరులో పెట్టి అంటించాను. నువ్వొక్కదానివే విప్పు.

ఇట్లు,
ప్రసన్నకుమారి.

తా.క. అగ్గిపెట్టె అందింది. దేవుడి దగ్గర దీపానికి చాలా బాగా పనికొస్తోంది.


ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి 25.

ప్రసన్నకుమారి వదిన గారికి, అహల్య నమస్కారాలు, మొన్న ఎగ్గొట్టిన వాటితో కలిపి.

ముందు కెమెరా సంగతి. మీ తమ్ముడు అసలు ఆ షాపుకు పోలేదు. పాత కెమెరాను కెమెరాలు బాగుచేసే బాలస్వామి దగ్గరికి తీసుకెళ్లి, లోపలి అద్దం తుడిపించి, పట్టీ నా ఎత్తుకు కత్తిరించి కుట్టించి ఇమ్మని ఇచ్చి వచ్చారు. నిన్న అది ఇంటికి వచ్చింది. ఇప్పుడు నడుము దగ్గరే ఆగుతోంది.

మీ కవరు వంటింట్లో తలుపు వేసుకుని విప్పాను. నూట పన్నెండూ నేనే. మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. తల ఆరబెట్టుకుంటున్నాను. తీగ మీద చీరలు మడుస్తూ నాలో నేను నవ్వుకుంటున్నాను, ఎందుకో గుర్తులేదు. పెళ్ళి స్టేజి మీద కెమెరా దించి, ఆ ముసలామెను చూసి నోరు తెరిచి నవ్వుతున్నాను. అవి నిజంగా నేనేనా అని అద్దంలో చూసుకుని వచ్చాను.

మొదట కోపం వచ్చింది. ఒకరోజంతా ఆయనతో మాట్లాడలేదు. మామూలుగా కూడా మాట్లాడను కాబట్టి ఆయనకు తెలిసినట్టు లేదు. అందుకని మరుసటి రోజు ఫోటోలన్నీ ముందు పోసి, ఎందుకిలా చేశారని గట్టిగా అడిగాను. ఎవరో కొత్త మనిషి వచ్చిందనుకుని అత్తమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చారు.

ఆయన కెమెరా పట్టీ సర్దుతూ చెప్పారు.

"ఈ చుట్టుపక్కల ఊళ్లలో పెండ్లికూతుర్లందరి ముఖాలూ తీసినా. నా పెండ్లాం ముఖం ఒక్కటి లేదు నా దగ్గర. ఆ టక్ వినగానే కొంగు లాక్కుంటావు. రెండేండ్లు చూసినా. ఇంగ సద్దు లేని కెమెరా తప్ప దోవ లేదనుకున్యా."

వినబడనట్టు ఎందుకున్నారని అడిగాను. "నువ్వు నాతో నీయంతట నువ్వు మాట్లాడిందే ఆ మూడు దినాలు. తిరిగి చూస్తే యాడ ఆపేస్తావో అని తిరగలే" అన్నారు. ఉప్పు తెచ్చింది ఆయనే. చీరలు దులిపింది తేలు కోసమే. నా పుట్టినరోజు అది కాదని కూడా ఆయనకు తెలుసు, నేనే పరీక్షకోసం తోచింది చెప్పాను.

నేనొక షరతు పెట్టాను వదినా. మెనూలో సద్దు పెట్టమన్నాను. పెళ్ళిళ్లలోనూ, ఇంట్లోనూ. తీసేటప్పుడు తీస్తున్నట్టు నాకు తెలియాలన్నాను. ఆయన ముఖం వాడిపోయింది, అయినా పెట్టారు. కెమెరా ఎత్తారు. టక్ అంది. నా చెయ్యి కొంగు దాకా వెళ్లింది. వెళ్లి, ఆగిపోయింది.

ఆ ఫోటో, నా పెళ్ళి ఆల్బం ఈ సంచిలో పంపుతున్నాను. ఆల్బంలో ఎక్కడైనా ఒక పేజీ ఖాళీ చేసి అతికించండి. పాపిటలు చాలా ఉన్నాయి కాబట్టి ఒకటి తీసేసినా తెలియదు.

మే నెలలో భావన పెళ్ళికి ఇద్దరమూ వెళ్తున్నాం. టక్కక్క రాకపోతే స్టేజి ఎక్కనని మాధవయ్య గారి తల్లి చెప్పిందట.

ఇట్లు,
మీ మరదలు అహల్య.

తా.క. ఇక ఉత్తరాలు కాల్చమని అడగను. ఆ నూట పన్నెండులో నాలుగు, నేను బియ్యం డబ్బా మీద కాగితం పెట్టుకుని మీకు ఉత్తరాలు రాస్తున్నప్పుడు తీసినవి. ఆ కెమెరాతో తీసింది పెద్దది చేస్తే ప్రతి అక్షరం చదవొచ్చట. మీ తమ్ముడు మొదటి ఉత్తరం నుంచీ చదువుతూనే ఉన్నారు. చెవులు పోయాయని మనం అనుకున్న సంగతి కూడా ముందే తెలుసు. నా రాత అంత చెడ్డగా ఏమీ లేదన్నారు.